బ్రిటన్‌లో ఎంపీ కావాలంటే ముందు కౌన్సిలర్‌గా చేయాలా?

అక్కర్లేదు, అలాంటి నియమమేదీ లేదు. 18 ఏళ్లు నిండి, పౌరసత్వ అర్హత ఉంటే, నియోజకవర్గంలో పదిమంది ఓటర్ల సంతకాలు, 500 పౌండ్ల డిపాజిట్‌తో ఎవరైనా నామినేషన్ వేయొచ్చు.

అయినా చాలామంది కౌన్సిల్ నుంచే వస్తారు. అసలు కిటుకు పార్టీ టికెట్‌లో ఉంది. అభ్యర్థి ఎంపికలో స్థానిక పార్టీ సభ్యుల మాటకు బరువెక్కువ. చెత్త తీయలేదనీ, ఇల్లు కేటాయించలేదనీ వచ్చే ఫిర్యాదులు పట్టుకుని తిరిగే కౌన్సిలర్ వాళ్లకు ముందే తెలిసిన ముఖం.

అలాగని గెలుపు గ్యారంటీ కాదు. మాజీ ప్రధాని థెరిసా మే 1986 నుంచి 1994 దాకా లండన్‌లోని మెర్టన్‌లో కౌన్సిలర్. 1992లో, 1994లో పార్లమెంటుకు పోటీచేసి ఓడారు, 1997లో మెయిడెన్‌హెడ్‌లో గెలిచారు.

ఎంపీ కాగానే కౌన్సిలర్ పదవి దానంతటదే పోతుందని చాలామంది అనుకుంటారు. ఇంగ్లండ్‌లో పోదు. రెండు పనులూ కుదరక వాళ్లే రాజీనామా చేస్తుంటారు, అంతే.