బోరు బండి పిచ్చి ఉన్న నాలుగేళ్ళ పిల్లాడికి చదువు ఎలా మొదలుపెట్టాలి?

"మా వాడికి నాలుగేళ్ళు. బోరు బండి తప్ప వేరే లోకం లేదు. పలక ముందు కూర్చోబెడితే లేచి పారిపోతాడు. పిల్లల ఆసక్తిని బట్టి నేర్పాలంటారు కదా, బోరు బండితో ఏం నేర్పుతాం?" అని ఒకరు అడిగారు.

చాలా నేర్పొచ్చు. కాకపోతే ముందు మూడు రోజులు ఏమీ నేర్పకుండా వాణ్ణి చూడండి. పిల్లాడు బోరు అనగానే బోరు బొమ్మ ప్రింటు తీసి రంగులేయమంటారు. అక్కడే పని చెడుతుంది. వాడికి నచ్చింది అసలు బండి కాకపోవచ్చు. నోటితో మోత చేస్తూ తిరుగుతుంటే వాడికి పట్టుకుంది కంప్రెసర్ చప్పుడు. పుల్లకు పుల్ల తగిలిస్తూ వరస పేరుస్తుంటే, ఒకదానికొకటి బిగించి నేలలోకి దింపే రాడ్లు. మట్టిలో పుల్ల గుచ్చి, తీసి, దాని కొస చూసుకుంటుంటే నేల కింద ఏముందన్నది వాడి ప్రశ్న. మూడింటికీ దారులు వేరు.

మూడోదానికి ఏం చేయాలో చెప్తాను. రెండు లీటర్ల నీళ్ళ సీసా పైభాగం కోసేసి, అంచుకు టేపు చుట్టండి. అడుగున తడిపిన ముగ్గుపిండి, దానిమీద జల్లించిన ఇసుక, ఆపైన ఎర్రమట్టి, ఒక్కోటి రెండు వేళ్ళ మందాన వేసి నొక్కండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీళ్ళు కారకూడదు. తడి తక్కువైతే ఇసుక స్ట్రాలోంచి జారిపోతుంది, ఎక్కువైతే బురద నిలవదు. గులకరాయి ఒక్కటున్నా స్ట్రా వంగిపోతుంది. ముగ్గుపిండి మీరే తడపండి, ఎండు పొడి పిల్లలు పీల్చకూడదు.

లావుపాటి, లోపలిది కనిపించే స్ట్రా తీసుకోండి. తిప్పుతూ నిటారుగా దింపి, పైనున్న కంతను బొటనవేలితో మూసి, మెల్లగా పైకి లాగాలి. పైన ఎరుపు, మధ్యలో ఇసుక, కింద తెలుపు అదే వరసలో వస్తాయి. లోపలిది తోయడానికి అగరుబత్తి పుల్ల ఇవ్వండి. నోటితో ఊదనివ్వొద్దు, ఊదబోయి పీల్చేస్తారు.

కాసేపటికి ఒకటి జరుగుతుంది. స్ట్రా తీసిన చోట చుట్టూ ఉన్న ఇసుక కూలి బొక్క పూడిపోతుంది. పిల్లాడు మళ్ళీ గుచ్చుతాడు, మళ్ళీ పూడుతుంది. విసుక్కుంటాడు. అక్కడ మీరు నోరు విప్పకండి. ఎప్పుడో ఒకసారి స్ట్రాను తీయకుండా వదిలేస్తాడు, బొక్క నిలుస్తుంది. రాయి తగిలేదాకా బోరు అంచులకు కేసింగు పైపు (మట్టి కూలకుండా వేసే గొట్టం) ఎందుకు దింపుతారో వాడి చేతులకు అప్పుడు తెలుస్తుంది. ముందే చెప్పేస్తే అది మీ పాఠం అయిపోతుంది, రేపటికి మర్చిపోతాడు.

లెక్కలకు రాడ్లు చాలు. వీధిలో బోరు వేస్తుంటే దూరంగా నిలబడి, రాడ్డు దిగినప్పుడల్లా డబ్బాలో ఒక చింతపిక్క వేయించండి. ఇంటికొచ్చి పిక్కలు వరసగా పేర్చి లెక్కపెట్టాలి. రాడ్డు మామూలుగా 20 అడుగులు ఉంటుంది కాబట్టి ఎన్ని అడుగులైందో చెప్పమని ఇప్పుడే అడగకండి. ఈ వయసుకు ఒక రాడ్డుకు ఒక పిక్క, అంతే.

ఇక అక్షరాలు. వాడు బొమ్మ గీశాక "ఇదేంటి?" అనకండి, "దీని గురించి చెప్పు" అనండి. "బోరు కిందకి పోయింది, తెల్ల పొడి వచ్చింది" అంటే ఉన్నదున్నట్టు, వాడి యాసలోనే, బొమ్మ కింద పెద్దగా రాసి, వేలు పెట్టి చదివి వినిపించండి. నాలుగు రోజులకు "బోరు" అన్న మాటను ఆకారాన్ని బట్టే గుర్తుపడతాడు. అప్పుడు నీరు, నోరు, పైరు పక్కన పెట్టండి. అన్నింటి చివరా ఉన్న "రు" వాడే పట్టుకుంటాడు. అ నుంచి ఱ దాకా వరసగా దిద్దించాకే మాట చదవాలన్న పట్టుదలతోనే చాలామంది పిల్లలకు పలకంటే భయం పుట్టింది. 3 నుంచి 6 ఏళ్ళ వాళ్ళకు పాఠ్యపుస్తకాల భారం వద్దని 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం కూడా చెప్పింది. అయినా ఎల్కేజీ సంచీ బరువు తగ్గలేదు.

వేల రూపాయలు పోసి కిట్లు కొనకండి. 1945లో మహారాష్ట్రలోని బోర్డి ఊళ్ళో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ అనే ఇద్దరు టీచర్లు బాలవాడి (పసిపిల్లల బడి) నడిపింది ఊళ్ళో దొరికే ఆకులు, గింజలతోనే.

రెండు వారాల తర్వాత వాడు స్ట్రా పారేసి సీసాలో నీళ్ళు పోస్తూ కూర్చుంటే బోరు సంగతి వదిలేయండి. వేర్వేరు సైజుల గిన్నెలు, ఒక గరాటు ఇవ్వండి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒక పని ఉంది. గుచ్చి చూసే పిల్లలు నిజం బోరు పైపులోకి కూడా తొంగిచూస్తారు. మీ చుట్టుపక్కల నీళ్ళు పడని బోరు ఉందేమో వెళ్ళి చూడండి. గోనెసంచి కప్పి రాయి పెడితే చాలదు, కేసింగు మీద ఇనుప రేకు వెల్డింగ్ చేసి ఉండాలి. తెరిచిన బోర్ల మీద సుప్రీంకోర్టు 2010లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. యజమాని పట్టించుకోకపోతే పంచాయతీలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.