దసరా రద్దీకి ముందు, మాల్ చూసుకునే అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి, ఆశీస్సులు.

విజయవాడ బందరు రోడ్డులో మాల్ బాధ్యత నీ చేతికొచ్చిందని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. దసరా దగ్గర పడుతోంది. కొండమీద దుర్గమ్మ దర్శనం చేసుకున్నవాళ్లలో చాలామంది బీసెంట్ రోడ్డు, బందరు రోడ్డు ఓ చుట్టు చుట్టి గానీ బస్టాండుకు వెళ్లరు. ఆ జనం వెంటే జేబుదొంగలూ దిగుతారు. మాల్ పేరు కోసం మీ యాజమాన్యం ఏజెన్సీని పెట్టుకుంది కదా, ఫ్లెక్సీలూ రీల్సూ వాళ్లు చూసుకుంటారు. పర్సు పోగొట్టుకున్న ఆవిడ ఆ తర్వాత గంటసేపు మీ దగ్గర ఏం చూసిందో అదే ఊళ్లో చెప్పుకుంటారు. ఆ గంట నీది.

ముందు, అనుమానం వచ్చిన మనిషిని ఆపడం గురించి. బట్టల షాపు గుమ్మం దగ్గర అలారం మోగుతుంది. గార్డు చెయ్యి పట్టుకుంటాడు, జనం మూగుతారు, ఎవడో ఫోన్ తీస్తాడు. తీరా చూస్తే బిల్లు ఉంటుంది, కౌంటర్లో అమ్మాయి ట్యాగ్ తీయడం మర్చిపోయి ఉంటుంది. రద్దీ రోజుల్లో ఇది మామూలే. అందుకని అలారం ఒక్కటే చూసి ఎవరినీ పట్టుకోకూడదు. సరుకు సంచిలోకి వెళ్లడం, బిల్లు కట్టకుండా కౌంటర్ దాటడం, ఈ రెండూ ఎవరో ఒకరు కళ్లారా గానీ కెమెరాలో గానీ చూసి ఉండాలి. అప్పుడు కూడా గార్డు నోట్లోంచి రావాల్సింది ఒకటే మాట: "అమ్మా, మావాళ్లు ట్యాగ్ తీయడం మర్చిపోయినట్టున్నారు, ఒక్కసారి కౌంటర్ దగ్గరికి రండి." మనదే పొరపాటైతే ఆ మాటతో ఎవరి పరువూ పోదు. ఆడవాళ్లతో ఆడ సిబ్బందే మాట్లాడాలి. సంచి వాళ్లే తెరిచి చూపించాలి. ఒప్పుకోకపోతే పోలీసులు వచ్చేదాకా ఆగాలి తప్ప లాక్కుని వెతికే అధికారం గార్డుకు లేదు.

చట్టం సంగతి కూడా తెలుసుకో. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే చట్టం 40వ సెక్షన్ ప్రకారం, తన కళ్లముందు నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకని), కాగ్నిజబుల్ (వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల) నేరం చేసినవాణ్ణి మామూలు పౌరుడు కూడా పట్టుకోవచ్చు. ఆలస్యం చెయ్యకుండా, ఎంతైనా ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. కానీ దొంగతనంలో సొత్తు విలువ 5,000 రూపాయల లోపుండి, మొదటిసారి చేసినవాడు దాన్ని తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజసేవే, ఆ కేసు బెయిలబుల్. మాల్‌లో పోయే సరుకు చాలావరకు ఆ లోపుదే, కాబట్టి ఆ 40వ సెక్షన్ నీకు అండగా నిలవకపోవచ్చు. స్టోర్ రూములో గంటలకొద్దీ కూర్చోబెడితే అక్రమ నిర్బంధం కేసు తిరిగి నీ మీదికే వస్తుంది. "దొంగిలిస్తే పదింతలు జరిమానా" అని కొన్ని షాపుల్లో బోర్డులు పెడతారు. అవి కనబడితే పీకించెయ్. భయపెట్టి డబ్బు వసూలు చేస్తే అది బలవంతపు వసూలు కిందికి వస్తుంది. దొరికినవాళ్ల ఫొటోలు కౌంటర్ దగ్గర అంటించడం, సిబ్బంది వాట్సాప్ గ్రూపులో తిప్పడం కూడా మాన్పించు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలైతే వాళ్లెవరో బయటపెట్టడమే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం.

ఇక కెమెరాలు. వంద మంది ఒకేసారి చేరే చోట కెమెరాలు పెట్టి 30 రోజుల ఫుటేజీ దాచాలని 2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చట్టం చెబుతోంది. "మా దగ్గర నెల ఉంటుంది సార్" అని కంట్రోల్ రూమువాడు అనేస్తాడు. నమ్మొద్దు, లెక్క వెయ్యి. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డయ్యే ఒక్క కెమెరా రోజుకు 21.6 జీబీ తింటుంది. 16 కెమెరాలకు రోజుకు దాదాపు 346 జీబీ, నెలకు 10 టీబీ పైనే. లోపల 4 టీబీ డిస్కు ఒక్కటే ఉంటే పదకొండు రోజులు దాటగానే పాత ఫుటేజీ మీద కొత్తది ఎక్కేస్తుంది. పదిహేనో రోజున ఎస్సై గారొచ్చి అడిగితే అక్కడ ఏమీ ఉండదు. మీరే చెరిపేశారని ఊరంతా అనుకుంటుంది. ఎవరూ చెరపలేదు, డిస్కు చాల్లేదంతే. కానీ ఆ మాట ఎవరు వింటారు?

సీలింగుకు బిగించిన కెమెరాలో తలలూ టోపీలే కనిపిస్తాయి. ప్రతి ద్వారం దగ్గరా ఒకటైనా మొహం ఎత్తులో ఉండాలి. అద్దాల తలుపుకు ఎదురుగా పెడితే పగటి వెలుతురుకు మొహాలు నల్లగా పడతాయి, కాస్త పక్కకు జరిపించు. రికార్డర్ గడియారాన్ని వారానికోసారి ఫోన్ టైముతో సరిచూసి రిజిస్టరులో రాయించు. ఏడు నిమిషాల తేడా ఉన్నా కోర్టులో డిఫెన్సు లాయరు దాన్నే పట్టుకుంటాడు. పోలీసులకిచ్చేటప్పుడు స్క్రీనును ఫోన్‌తో తీసిన వీడియో పంపొద్దు. అసలు ఫైలు కాపీ చేసి, భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్‌తో, సంతకం తీసుకుని ఇవ్వాలి. పోలీసులకు తప్ప ఇంకెవరికీ, యూట్యూబ్ ఛానెల్ కుర్రాడికైనా ఓనరు బావమరిదికైనా, క్లిప్పు ఇవ్వకూడదు.

ట్రయల్ రూముల్లో ఎవరైనా కెమెరా గానీ ఫోను గానీ దాచారేమోనని రోజుకు రెండుసార్లు, తెరవకముందు ఒకసారి, సాయంత్రం రద్దీకి ముందు ఒకసారి ఆడ సిబ్బంది టార్చితో చూడాలి: కొక్కేలు, గాలి జాలీ, ఫాల్స్ సీలింగు సందులు, పార్టిషన్ కింది ఖాళీ. ఏదైనా కనబడితే ముట్టుకోకుండా గదికి తాళం వేసి 112కి ఫోన్ చెయ్యాలి. షాపువాళ్లు పరువుకు భయపడి ఫోనులో వీడియో తుడిపించేస్తారు. అలా చేస్తే సాక్ష్యం పోతుంది, చేసినవాడు తప్పించుకుంటాడు, నింద మాల్‌కు మిగులుతుంది.

పార్కింగ్‌లో "వాహనాల బాధ్యత యజమానులదే" అన్న బోర్డు మీద భరోసా పెట్టుకోకు. పార్క్ చేసిపెట్టమని హోటల్ వ్యాలేకి (బండి పార్క్ చేసే సిబ్బందికి) ఇచ్చిన కారు పోయిన కేసులో, నిర్లక్ష్యం ఉంటే ఆ బోర్డు హోటల్‌ను కాపాడదని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. టోకెన్ మీద బండి నంబరు రాయించు. టోకెన్ పోయిందంటే ఆర్సీ చూడకుండా బండి వదలొద్దు.

ఏదైనా జరిగితే మాట్లాడేది ఒక్కరే కావాలి, అదీ గంటలోపే. కాగితం ఇప్పుడే రాసి పెట్టుకో: "ఈ రోజు ఫలానా సమయంలో మా ప్రాంగణంలో దొంగతనం జరిగింది. బాధితులకు తోడుగా మా సిబ్బంది ఉన్నారు. పోలీసులకు సమాచారమిచ్చాం, ఫుటేజీ అప్పగిస్తున్నాం. తదుపరి వివరం సాయంత్రం ఆరింటికి చెబుతాం." అంతే. "చిన్న సంఘటన" అనొద్దు, బాధితుల పేరు చెప్పొద్దు, అనుమానితుడు ఫలానా ఊరివాడని అనొద్దు. ఆరింటికి కొత్తగా చెప్పడానికేమీ లేకపోయినా ఆ ముక్కే చెప్పాలి. ప్రకటనలు ఆపేస్తామని విలేకరిని బెదిరిస్తే మర్నాడు జిల్లా పేజీలో రెండు వార్తలొస్తాయి.

"అది షాపువాళ్ల తప్పు, మాల్‌కు సంబంధం లేదు" అన్న మాట మాత్రం నీ నోట రాకూడదు. 2003లో చాక్లెట్లలో పురుగులు బయటపడ్డప్పుడు క్యాడ్‌బరీ కూడా మొదట దుకాణాల్లో నిల్వ సరిగా లేకేనంది. జనం వినలేదు. రేపర్ మార్చి, గాలి చొరబడని ప్యాకింగ్ తెచ్చి, ఆ తర్వాతే 2004లో అమితాబ్ బచ్చన్ చేత ప్రకటన చేయించింది. మీ ఏజెన్సీవాళ్లు ముందు బచ్చన్‌ని పట్టుకురమ్మంటారు, జాగ్రత్త.

ఈ వారంలోనే మీ ఏరియా స్టేషన్‌కు వెళ్లి సీఐ గారిని కలిసి రా. రాత్రి డ్యూటీ సూపర్‌వైజర్ నంబరు అక్కడ ఇచ్చి రావడం మర్చిపోకు. హార్డ్ డిస్కుల కొటేషన్ వచ్చాక వాట్సాప్‌లో పెట్టు, చూసి చెబుతాను.

ఇట్లు,
మీ బాబాయ్