మ్యాక్‌లో కాపీ చేసిన హార్డ్ డిస్క్ విండోస్‌లో ఓపెన్ కావడం లేదు, ఏం చేయాలి?

ముందు క్యాన్సిల్ కొట్టండి. ‘ఫార్మాట్ చేయాలి’ అని విండోస్ అడిగినంత మాత్రాన డిస్క్ ఖాళీ అని కాదు.

కావలిలో మాకు ఫొటో స్టూడియో ఉంది. షూటింగ్ మాది, మిక్సింగ్ నెల్లూరులో ఒక కుర్రాడు మ్యాక్ మీద చేస్తాడు. మాఘమాసంలో ఓ పెళ్ళి వీడియో డిస్క్‌లో వేసి పార్టీకి ఇచ్చేశాం. ఆ రాత్రే పెళ్ళికూతురి బాబాయి ఫోన్. "ఏందబ్బయ్యా, ఖాళీ డిస్క్ ఇచ్చావే? ఫార్మాట్ చెయ్యమంటా ఉంది. కొట్టేదా?"

"సార్, ముందు మౌస్ మీద చెయ్యి తీసేయండి!" అని అరిచాను. వెనకనుంచి ఎవరో "కొట్టెయ్ మామా, ఏం కాదు" అంటున్నారు. కంప్యూటర్ తెలిసినోడు ప్రతి ఇంట్లో ఒకడుంటాడు, అసలు టెన్షన్ వాడితోనే. మర్నాడు డిస్క్ తెప్పించి, మ్యాక్‌లో పెట్టి, వేరే డిస్క్‌లోకి ఎక్కించి ఇచ్చాం. మిగిలిన బాకీ మాత్రం ఆ వంకతో ఇంకా రాలేదు.

ఆ డిస్క్ ఏపీఎఫ్‌ఎస్‌లో ఉంది, అంటే డిస్క్‌లో ఫైళ్ళని సర్దిపెట్టే మ్యాక్ పద్ధతి (ఫార్మాట్). యాపిల్ 2017లో తెచ్చింది. విండోస్‌కి దాన్ని చదవడం రాదు. విండోస్ వాడే మైక్రోసాఫ్ట్ ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్ 1993 నాటిది. మ్యాక్ దాన్ని చదువుతుంది గానీ, విడిగా సాఫ్ట్‌వేర్ వేసుకుంటే తప్ప అందులో రాయదు. ఇన్నేళ్ళయినా చేతకాకనా? నన్నడిగితే కావాలనే. పక్కపక్క చేలవాళ్ళు గట్టు దగ్గర పంతం పట్టినట్టు ఉంది వీళ్ళ వరస. రెండింటిలోనూ నడిచే ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్ 2006లోనే వచ్చినా, మైక్రోసాఫ్ట్ దాని స్పెసిఫికేషన్ (లోపలి వివరాలు) అందరి ముందూ పెట్టింది 2019లో. అంతకుముందు 2009లో తన పాత ఫార్మాట్ ఫ్యాట్ మీది పేటెంట్లు కూడా చూపించి, దారి చూపే జీపీఎస్ పరికరాల కంపెనీ టామ్‌టామ్ మీద కోర్టుకెక్కింది.

మీరు మాత్రం ఫైళ్ళన్నీ మ్యాక్‌లో వేరేచోట దాచుకున్నాక, డిస్క్‌ని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. రెండింటిలోనూ చదవొచ్చు, రాయొచ్చు. ఫ్యాట్32 ఇంకా ఎక్కువచోట్ల నడుస్తుంది, కానీ ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. మావాళ్ళకి తలంబ్రాలు ఒక్కటే 4కేలో కావాలి, అవే దాటేస్తాయి! ఎక్స్‌ఫ్యాట్‌కి జర్నలింగ్ (రాస్తుండగా మధ్యలో ఆగిపోతే సరిచేసుకోడానికి ముందే రాసుకునే చిట్టా) లేదు, అందుకని ఎజెక్ట్ చేయకుండా వైరు పీకకండి. టీవీకి తగిలించి చూసేవాళ్ళయితే ఆ సంగతి స్టూడియోలో ముందే చెప్పండి, కొన్ని పాత టీవీలు ఎక్స్‌ఫ్యాట్‌ని గుర్తుపట్టవు.