బ్రెయిలీ ప్రతిలో కామాలు తీసివేయవచ్చా?

ప్రశ్న: మా గ్రంథాలయంలోని పాత తెలుగు నవలలను స్కాన్ చేసి, ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్) ద్వారా అక్షరాలుగా మార్చి, బ్రెయిలీలో అచ్చు వేయించే పనిని మేము కొందరం చేపట్టాము. వాటిలో కామాలు, డాష్‌లు చాలా ఎక్కువగా ఉన్నాయి. అవి వేలికి అడ్డు కనుక తీసివేయాలని కొందరు, నేటి పద్ధతికి మార్చాలని మరికొందరు అంటున్నారు. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, దేవరకొండ, నల్లగొండ జిల్లా

జవాబు: రెండూ వద్దు. అచ్చు పుస్తకంలో ఏ గుర్తు ఎక్కడ ఉన్నదో బ్రెయిలీ ప్రతిలోనూ అక్కడే ఉండాలి. చూపున్నవారికి రచయిత రాసిన వాక్యమూ, చూపులేనివారికి మనం సర్దిన వాక్యమూ అందించడం న్యాయం కాదు.

“వడ్లు రేపు కొలుద్దాం” అన్నాడు రంగయ్య, కొడుకు వైపు చూడకుండానే – అనే వాక్యాన్ని తీసుకోండి. రంగయ్య పక్కనున్న కామా పోతే ఆ మాట అతనిది కాకుండా పోయి, మూడో మనిషెవరో రంగయ్య కొడుకు వైపు చూడకుండా అన్నట్టు అర్థం వస్తుంది. కంటితో చదివేవారు పై పంక్తులను ఒక్క చూపులో సరిచూసుకుంటారు; వేలితో చదివేవారు వెనక్కి వెళ్లి వెతుక్కోవాలి. అదీగాక మన భాషలకు వాడే భారతి బ్రెయిలీలో ప్రతి గుర్తూ, 1 నుంచి 6 వరకు సంఖ్యలిచ్చిన ఆరు చుక్కల గడిలో ఏర్పడుతుంది; కామా అంటే అందులో రెండో చుక్క ఒక్కటే. ఒక్క గడి మిగిల్చి మనం సాధించేదేమీ లేదు. మన పాలమూరు, నల్లగొండ మాటతీరులో సాగే సంభాషణలలోనైతే, మనిషి ఎక్కడ ఆగి మాట్లాడాడో చెప్పేవి ఆ డాష్‌లే.

మీరు అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసినవి కొటేషన్ గుర్తులు. బ్రెయిలీలో ప్రారంభ కొటేషన్‌కూ ప్రశ్నార్థకానికీ ఒకటే ఆకారం: 2, 3, 6 చుక్కలు. మాటకు ముందు వస్తే కొటేషన్, చివర వస్తే ప్రశ్న. ఓసీఆర్ ఒక ఖాళీని అటూ ఇటూ జరిపితే సంభాషణ మొదలు కావలసిన చోట పాఠకునికి ప్రశ్నార్థకం తగులుతుంది. ముగింపు కొటేషన్ 3, 5, 6 చుక్కలతో వేరుగా ఉంటుంది కాబట్టి, రెండు వైపులా ఒకేలా ఉండే నిటారు గుర్తులు వాడక, తెరిచేవీ మూసేవీ విడివిడిగా టైపు చేయండి.

పంక్తి చివర మాట విరిగినప్పుడు పెట్టిన హైఫన్ మాత్రం రచయితది కాదు, అక్షరాలు కూర్చినవారిది. దానిని తీసివేసి మాటను కలపండి. జంటపదాల మధ్య ఉన్న హైఫన్‌ను ఉంచండి. సందేహం కలిగితే అదే మాట ఆ పుస్తకంలో మరోచోట ఎలా ఉందో చూడండి.

స్కాన్ 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలకు) తగ్గకూడదు. పాత కాగితం మీది మచ్చలు ఫుల్‌స్టాప్‌లుగా, పద్యం చివరి నిలువు గీత ‘1’ అనే అంకెగా, అరసున్న బ్రాకెట్‌గా మారే ప్రమాదం ఉంది. అందువల్ల ఒకరు అచ్చు ప్రతిని గుర్తులతో సహా పైకి చదువుతుండగా మరొకరు తెరపై సరిచూడాలి. అసలు ముద్రణలోనే స్పష్టమైన తప్పు కనిపిస్తే, దిద్దిన సంగతిని సంపుటం మొదట్లో ఒక గమనికగా తెలపండి.

పుస్తకమంతా అచ్చుకు పంపకముందే మొదటి అధ్యాయాన్ని బ్రెయిలీ నిత్యం చదివే ఉపాధ్యాయునికో విద్యార్థికో ఇచ్చి, వారు తడబడిన ప్రతి చోటునూ అచ్చు ప్రతితో పోల్చి చూడండి.