పిండ మూలకణాన్ని గుండె కణంగా ఎలా మారుస్తారు?

పిండం ఎదిగేటప్పుడు కణాలకు సహజంగా అందే రసాయన సంకేతాలనే ల్యాబ్‌లో అదే వరుసలో, సరైన వేళకు అందించి పిండ మూలకణాలను, అంటే శరీరంలోని ఏ రకం కణంగానైనా మారగల తొలి దశ కణాలను, కావలసిన కణజాలం వైపు నడిపిస్తారు.

ఇందుకు డీఎన్‌ఏను మార్చనక్కర్లేదు. గుండె కణంలోనూ నరాల కణంలోనూ ఉండే డీఎన్‌ఏ ఒకటే. వాటిలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయన్న దాంట్లోనే తేడా. సంకేతాలు ఆ జన్యువులను ఆన్, ఆఫ్ చేస్తాయి.

గుండె కండరాన్నే తీసుకోండి. డిష్‌లోని మూలకణాల్లో వింట్ అనే సంకేత మార్గాన్ని ముందు ఒక రసాయనంతో ప్రేరేపిస్తారు. దాంతో అవి మీసోడెర్మ్ దశకు, అంటే పిండంలోని మధ్య పొర కణాల్లాగా మారతాయి. రెండు మూడు రోజుల తర్వాత అదే మార్గాన్ని మరో రసాయనంతో అడ్డుకుంటారు. ముందు కావాల్సిన సంకేతమే తర్వాత ఉండకూడదు, వేళ తప్పితే ఫలితమే మారిపోతుంది. అన్నీ కుదిరితే సుమారు పది రోజులకు ఆ కణాలు డిష్‌లోనే వాటంతట అవే కొట్టుకోవడం మొదలుపెడతాయి. నిజంగా అద్భుతమే!

మూలకణాలను నేరుగా ఇంజెక్షన్ చేస్తే దెబ్బతిన్న అవయవాన్ని అవే బాగుచేస్తాయని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. మార్చకుండా ఎక్కించిన పిండ మూలకణాలు టెరటోమా అనే గడ్డలుగా పెరగవచ్చు. అందుకే ముందు ల్యాబ్‌లో మార్చి, మారని కణాలు మిగిలాయేమో పరీక్షించాకే చికిత్సకు వాడాలి.