9 లక్షల ప్యాకేజీ, చేతికి 52 వేలేనా?

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు బ్రాడీపేట. ఏప్రిల్ 1న విజయవాడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. ఇదే మొదటి ఉద్యోగం. రోజూ ఇంటి నుంచే రైల్లో వెళ్లొస్తున్నాను. ప్యాకేజీ ఏడాదికి 9 లక్షలు. నెలకు 75 వేలు వస్తాయనుకుంటే రెండు నెలలుగా బ్యాంకులో 52,644 రూపాయలే పడుతున్నాయి. మా నాన్న మిర్చి యార్డులో గుమాస్తా. 75 వేలు లెక్కేసుకుని నా పేరు మీద 5 లక్షల చీటీకి మాటిచ్చేశారు. నెలకు 25 వేలు, 20 నెలలు. మొదటి వాయిదా ఇంకా కట్టలేదు. బైక్ ఈఎంఐ 4,200 ఉంది. ‘మధ్యలో ఎవరో నొక్కేస్తున్నారు, కనుక్కో’ అంటున్నారు నాన్న. ఆఫర్ లెటర్, పేస్లిప్ పంపుతున్నాను.

జవాబు: ఎవరూ నొక్కేయడం లేదు. కానీ నెలకు 3,156 రూపాయలు మీరే పోగొట్టుకుంటున్నారు. దాని దగ్గరికి వస్తాను.

మీ నాన్నగారికి ఈ లెక్క నాకంటే బాగా తెలుసు. యార్డులో బస్తాలు కాటా వేసి, రేటు కట్టి, కమీషను, కూలీలు తీసేసి తక్‌పట్టీ రాస్తారు. రైతు ఇంటికి పట్టుకెళ్లేది ఆ చివరి అంకె. ఆఫర్ లెటర్‌లో ఉన్న 9 లక్షలు మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. అందులో సగానికి పైగా కోతలు పేస్లిప్‌లో కనపడవు కూడా. మీ స్లిప్ మొదలైందే 60,500 దగ్గర.

75 వేలకూ దానికీ మధ్య ఉన్న 14,500 ఏమైందంటే, పెద్ద ముక్క వేరియబుల్ పే, అంటే నెల జీతంలో కలవని విడి మొత్తం. ఏడాదికి 90 వేలు, అంటే నెలకు 7,500. పనితీరు చూసి ఇస్తారు, ఎంత ఇస్తారో ఇప్పుడే చెప్పలేం. అది చేతిలో పడేదాకా లేదనుకోండి. తర్వాత కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్ (భవిష్య నిధి) 4,500. గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం కింద బేసిక్‌లో (మూల వేతనంలో) 4.81 శాతం, నెలకు 1,804. ఇది మామూలుగా ఐదేళ్లు పనిచేస్తేనే వస్తుంది. ఈ రోజుల్లో కుర్రాళ్లు ఒకే చోట ఐదేళ్లు ఎక్కడుంటున్నారు! అయినా ప్యాకేజీలో మాత్రం కలిపి చూపిస్తారు. మిగిలిన 696 గ్రూపు ఆరోగ్య బీమాది. ఆ పాలసీలో అమ్మానాన్నలు ఉన్నారో లేదో హెచ్ఆర్‌ని అడగండి.

ఇక స్లిప్‌లో కనిపించే కటింగులు మూడే. వృత్తి పన్ను 200. నెల జీతం 20 వేలు దాటిన వాళ్లందరికీ మన రాష్ట్రంలో ఇంతే. మీ వంతు పీఎఫ్ 4,500, అంటే 37,500 బేసిక్‌లో 12 శాతం. దీన్ని పోయిన డబ్బు కింద జమకట్టకండి. కంపెనీ వాటాతో కలిపి నెలకు 9 వేలు, ఏడాదికి 1,08,000 మీ ఖాతాలోనే చేరుతుంది. 2024-25కి పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌వో ఇచ్చిన వడ్డీ 8.25 శాతం. ఇంకో సంగతి. కంపెనీ వాటాలోంచి 1,250 పెన్షన్ స్కీముకు పోతుందని మీ సీనియర్లు చెప్పి ఉంటారు. 2014 సెప్టెంబరు 1 తర్వాత కొత్తగా పీఎఫ్‌లో చేరి, బేసిక్ 15 వేలు దాటిన వాళ్లకు అది వర్తించదు. మీకు మొత్తం పీఎఫ్‌లోనే పడాలి. పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి ఒకసారి చూసుకోండి.

మూడోది టీడీఎస్, అంటే జీతంలోంచి ముందే కట్ చేసే ఆదాయ పన్ను, 3,156. నేను ఆగిపోయింది ఇక్కడే. మీ జీతానికి పన్నే పడకూడదు. ఫోన్ చేసి అడిగితే, ‘పీఎఫ్ చూపించుకోవచ్చని ఆఫీసులో ఒకన్న చెబితే పాత పన్ను విధానానికి టిక్ పెట్టాను’ అన్నారు. ఆ టిక్కే కొంప ముంచింది. పాత విధానంలో ఏడాది జీతం 7,26,000 (60,500 × 12) నుంచి స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లందరికీ ఇచ్చే మినహాయింపు) 50 వేలు, వృత్తి పన్ను 2,400, పీఎఫ్ 54 వేలు తీసేసినా 6,19,600 మిగులుతుంది. సొంతింట్లో ఉంటున్నారు కాబట్టి ఇంటి అద్దె మినహాయింపు కూడా లేదు. దాని మీద సెస్సుతో కలిపి పన్ను 37,877. అదే కొత్త విధానంలో, వేరియబుల్ 90 వేలూ పూర్తిగా వచ్చిందనుకున్నా, 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోను 7,41,000. 12 లక్షల లోపు ఆదాయానికి రిబేటు (పన్ను మాఫీ) ఉంది కాబట్టి పన్ను సున్నా. ఇంటి లోన్ వడ్డీ, పెద్ద అద్దె ఉన్నవాళ్లకు పాతది పనికొస్తుందేమో గానీ మీకు కాదు.

రేపే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టండి. మారిస్తే కట్ అయిన 6,312ను కూడా మిగతా నెలల్లో సర్దుతారు. ఏడాది మధ్యలో మార్చం అంటే గొడవపడకండి. రిటర్న్ గడువులోగా వేసేటప్పుడు మీరే కొత్త విధానం ఎంచుకోవచ్చు. కట్ అయినదంతా రీఫండ్‌గా వస్తుంది, కాకపోతే అప్పటిదాకా ఆగాలి. మారితే నెలకు చేతికి 55,800.

ఇక చీటీ. 52,644లో 25 వేలు, బైక్‌కి 4,200 పోతే 23,444 మిగులుతుంది. ఇల్లు గడిచిపోతుంది, కాదనను. కానీ మీ ఖాతాలో ఇప్పుడు అత్యవసరానికి పైసా లేదు, ఉద్యోగం రెండు నెలలది. ఒక్క నెల వాయిదా తప్పితే మాట పడేది నాన్నగారు. అందుకని రిజిస్టరైన చీటీయేనని చూసుకుని, 2.5 లక్షలదానికి మారండి. వాయిదా 12,500 అవుతుంది. ఇంకో 12,500 బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ వేయండి. ఏడాది తిరిగేసరికి లక్షన్నర చేతిలో ఉంటుంది. అప్పుడు ఇంకో చీటీ సంగతి మాట్లాడుకుందాం.

ఈ పేస్లిప్‌ని నాన్నగారి ముందు పెట్టి తక్‌పట్టీలాగే చదివించండి. ఆయన అడిగే ప్రశ్నలు మీ హెచ్ఆర్‌ని అడగడానికి పనికొస్తాయి.