కొట్టేసిన వాక్యాలు

అమ్మలూ,

నీ నోటు పుస్తకం చేరింది. పదకొండు సినిమాలు, నాలుగు యానిమేషన్లు, మూడు డాక్యుమెంటరీలు, ఆరు పాటలు. ఒక్క టర్ములో ఇన్ని చూసి, విని, అన్నిటికీ రెండేసి పేజీలు రాశావంటే నీ ఓపికకి దండం పెట్టాలి. "ఇందులో నీ స్పందన కనిపించడం లేదు" అని మీ మేడమ్ పుస్తకం వెనక్కి ఇచ్చారని, నీకు ఏడుపొచ్చిందని రాసిన చీటీ కూడా చూశాను.

మీ మేడమ్ అన్నది సగమే నిజం. నీ స్పందన ఆ పుస్తకంలో ఉంది. నువ్వే కొట్టేశావు. ఐదో పేజీలో ఒక లైను మీద అడ్డంగా గీత ఉంది చూడు, ఆ కాగితాన్ని లైటుకి ఎదురుగా పట్టుకుని చదివాను. "శవం దగ్గర అందరూ ఏడుస్తుంటే నాకు నవ్వొచ్చింది, ఎందుకో తెలీదు" అని ఉంది. దాన్ని కొట్టేసి కింద ఏం రాశావు? "ఈ సన్నివేశం ప్రేక్షకుల హృదయాలను కదిలించింది." ఏ ప్రేక్షకులమ్మా? హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ ముందు నువ్వొక్కదానివే కదా కూర్చుంది!

నిన్నేమీ అనే హక్కు నాకు లేదులే. చదువుకునే రోజుల్లో మా ఫిల్మ్ క్లబ్బు గోడపత్రికకి ఒక విదేశీ సినిమా మీద రాయమంటే నేనూ ఇదే పని చేశాను. ఆ సినిమా మధ్యలో హాయిగా నిద్రపోయాను. ఆ సంగతి దాచి, ఒక పత్రికలో వచ్చిన వ్యాసంలోంచి నాలుగు వాక్యాలు అటూ ఇటూ మార్చి "నిదానమైన కథనంలోని గాఢత" అని రాసిచ్చాను. క్లబ్బు నడిపే పెద్దాయన చదివి, "ఎక్కడ గాఢంగా అనిపించిందయ్యా?" అని ఒక్క ప్రశ్న వేశారు. నోరు పెగల్లేదు. అప్పుడాయన, "నిద్రపోయానని రాసినా వేసేవాణ్ని. ఎక్కడ నిద్రొచ్చిందో రాస్తే ఇంకా సంతోషంగా వేసేవాణ్ని" అన్నారు. వెటకారం అనుకుని చాలా రోజులు కోపం పెట్టుకున్నాను. తర్వాత ఆ సినిమా మళ్లీ చూస్తే, నాకు నిద్రొచ్చిన చోట కెమెరా కదలకుండా ఒకే గదిని చూస్తూ ఉంది. మాట లేదు, సంగీతం లేదు, కిటికీ బయట వాన చప్పుడు ఒక్కటే. దర్శకుడు ఆ గదిలో మనిషికి ఎంత పొద్దుపోదో చూపించాలనుకున్నాడు, నాకు పొద్దుపోక నిద్రొచ్చింది. అంటే నా నిద్రకి సినిమాలోనే కారణం ఉంది. అది రాసుంటే నా వ్యాసం పత్రికలో వచ్చినదానికంటే బాగుండేది.

నీకు చెప్పాలనుకున్నది దాదాపు ఇంతే. ముందు నీకేం జరిగిందో రాయి. తర్వాత అది ఎక్కడ, దేనివల్ల జరిగిందో వెతుకు. నువ్వు రెండోదానితో మొదలుపెట్టి మొదటిదాన్ని కొట్టేస్తున్నావు.

పనిగా చెప్పాలంటే ఇలా. చూసేటప్పుడు పక్కన ఒక కాగితం ఉంచుకో, కానీ వాక్యాలు రాయొద్దు. వాక్యం రాస్తుంటే సినిమా పోతుంది. టైమూ ఒక ముక్కా చాలు. "41వ నిమిషం, నవ్వు." "గంటా పన్నెండు, ఫోన్ తీశాను." ఫోన్ తీయడం కూడా రాయి, సిగ్గుపడకు. చెయ్యి ఫోన్ మీదికి ఎప్పుడు పోయిందన్నది నువ్వు తర్వాత అల్లే మాటలకంటే నమ్మదగ్గ సాక్ష్యం. సినిమా అవగానే, ఎవరితోనూ మాట్లాడకముందే, రివ్యూలు, రేటింగులు, కింద జనం పెట్టే కామెంట్లు ఏవీ తెరవకముందే పది నిమిషాలు కూర్చుని అర పేజీ రాసెయ్. ముందు వాళ్ల మాట చదివితే నువ్వు రాసేది వాళ్లకి జవాబు అవుతుంది, ఒప్పుకున్నా సరే, ఒప్పుకోకపోయినా సరే. తర్వాత చదువు, తప్పులేదు. నాకూ రివ్యూలంటే ఇష్టమే.

ఇక మాటల సంగతి. "ఫీల్ అయ్యాను" అని పదిహేడు చోట్ల రాశావు. లెక్కపెట్టాను, రిటైరైన వాడికి వేరే పనేముంది? ఏం ఫీలయ్యావు? భరతుడు నాట్యశాస్త్రంలో ఎనిమిది రసాలు చెప్పాడు, తొమ్మిదోదైన శాంతం తర్వాతివాళ్లు చేర్చింది. వాటికంటే నీకు పనికొచ్చేవి ఆయన చెప్పిన 33 సంచారీ భావాలు, అంటే వచ్చి పోతుండేవి. శంక, అసూయ, దైన్యం, చింత, లజ్జ, గర్వం, జడత, ఆవేగం, విషాదం, ఔత్సుక్యం. అవహిత్థ అని ఒకటుంది, లోపలున్నది బయటికి తెలియకుండా దాచుకోవడం. నువ్వు ఐదో పేజీలో చేసిన పని అదే. నిజానికి అవి పాత్రల్లో నటుడు చూపించాల్సిన భావాలు, ప్రేక్షకుడి కోసం వేసిన జాబితా కాదు. అయినా ఆ జాబితా ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకో. "ఫీల్ అయ్యాను" అని చెయ్యి పోయినప్పుడల్లా తలెత్తి చూడు. ఆ సంస్కృత పదమే రాయమని కాదు, వాటిల్లో ఏది నీకు దగ్గరో తేల్చుకుని మామూలు తెలుగులో రాయి. అన్నట్టు నిద్ర కూడా ఆ 33లో ఒకటి. అప్పట్లో తెలిసుంటే ఆ పెద్దాయనకి అదే చెప్పేవాణ్ని.

ఇప్పుడు నీ నవ్వు దగ్గరికి వద్దాం. నిన్న రాత్రి ఆ సీను నేనూ మూడుసార్లు చూశాను. మొదటిసారి మామూలుగా, రెండోసారి సౌండ్ తీసేసి, మూడోసారి తెర వైపు చూడకుండా విని. సౌండ్ తీసేసి చూసినప్పుడు దొరికింది. కెమెరా అత్త మీదికి వెళ్లగానే అత్త ఏడుపు మొదలుపెడుతుంది. బాబాయి మీదికి రాగానే బాబాయి. అంతవరకు వాళ్లు తమ వంతు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటారు, క్లాసులో హాజరు పిలుస్తుంటే పిల్లలు ఒక్కొక్కరే లేచి పలికినట్టు. నీకు నవ్వొచ్చింది అందుకే అయ్యుండొచ్చు. కాకపోతే కారణం నీలోనే ఏదైనా ఉండొచ్చు. అది నువ్వే చెప్పాలి, నేను చెప్పలేను. మూడోసారి వింటే, ఏడుపుకంటే ముందే వయొలిన్లు మొదలవుతున్నాయి. మనం ఏడవాలని సంగీతం ముందే చెప్పేస్తోంది.

సౌండ్ తీసి చూడడం, చూడకుండా వినడం, ఈ రెండూ అలవాటు చేసుకో. 1960లో వచ్చిన 'సైకో'లో స్నానాల గదిలో హత్య జరిగే సీనుకి సంగీతమే వద్దనుకున్నాడు దర్శకుడు హిచ్‌కాక్. సంగీతం చేసిన బెర్నార్డ్ హెర్మన్ తీగ వాద్యాలతో ఒక ముక్క కట్టి వినిపించాక మనసు మార్చుకున్నాడు. తీసినవాడికే అది లేకపోతే ఎలా ఉంటుందో, ఉంటే ఎలా ఉంటుందో విన్నాక గానీ తేలలేదు. అలాంటప్పుడు నీకు ఒక్కసారి చూడగానే తేలిపోవాలని ఏముంది?

నీలో ఉన్న కారణం అన్నాను కదా, దానికీ ఒక పాత ప్రయోగం ఉంది. దాదాపు వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఏ భావమూ లేని ఒక నటుడి ముఖాన్ని తీసుకుని, ఒకసారి దాని పక్కన సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి ఒక స్త్రీ ఉన్న షాటు అతికించాడట. చూసినవాళ్లు ఆ ముఖంలో ఆకలి, దుఃఖం, కోరిక చూశారని చెబుతారు. ముఖం మాత్రం ఒకటే. భావాన్ని తెచ్చి అతికించింది చూసినవాళ్లు. కాబట్టి "హీరో కళ్లలో బాధ కనిపించింది" అని రాసే ముందు ఆ షాటుకి ముందూ వెనకా ఏముందో ఒకసారి చూసుకో. బాధ హీరో కళ్లలోనే ఉందా, నువ్వు పెట్టావా? రెండూ రాయొచ్చు, ఏది ఏదో తెలిస్తే చాలు. అలాగని నీలోంచి వచ్చిందంతా పేజీల నిండా పోయకు. తొమ్మిదో పేజీలో రైలు సీను పేరుతో మొదలుపెట్టి నీ చిన్నప్పటి ప్రయాణం ఒకటిన్నర పేజీ రాశావు. చదవడానికి బాగుంది. కానీ సినిమా స్టేషన్లోనే ఉండిపోయింది.

డాక్యుమెంటరీల మీద నీతో గట్టిగా మాట్లాడాలి. మూడిటికీ "నిజ జీవితాన్ని ఉన్నది ఉన్నట్టు చూపించారు" అనే రాశావు. తీసేటప్పుడు నువ్వక్కడ లేవు, ఉన్నది ఉన్నట్టే చూపించారని నీకెలా తెలిసింది? 1922లో రాబర్ట్ ఫ్లాహర్టీ కెనడా ఉత్తరాన ఇనూయిట్ ప్రజల మీద తీసిన 'నానూక్ ఆఫ్ ద నార్త్' డాక్యుమెంటరీలకే పెద్దమ్మలాంటిది. అందులో మంచుతో కట్టిన ఇంట్లో కుటుంబం నిద్ర లేచే సీను ఉంది. ఆ ఇంట్లో కెమెరాకి చాలినంత వెలుగు లేదు. అందుకని ఒక పక్క తెరిచి ఉన్న ఇల్లు ప్రత్యేకంగా కట్టించారు. అంటే వాళ్లు చలిగాలిలో పడుకుని లేస్తున్నట్టు నటించారు. ఆ మనిషి పేరు నానూక్ కూడా కాదు. అప్పటికే తుపాకులు వాడుతున్నవాళ్లని పాత పద్ధతిలో ఈటెలతో వేటాడమన్నారు. ఇవన్నీ తెలిశాక కూడా ఆ సినిమా చూస్తే నాకు ఆ మనిషి మీద ప్రేమ పుడుతుంది. దర్శకుడి మీద కొంచెం చిరాకూ పుడుతుంది. రెండూ రాస్తాను.

దానికంటే ఘోరం 1958లో డిస్నీ వాళ్ల 'వైట్ వైల్డర్‌నెస్'. లెమ్మింగులనే చిన్న ఎలుక జాతి జంతువులు గుంపులుగా వెళ్లి సముద్రంలో దూకి చస్తాయని అందులో చూపించారు. ఆ సీను తీసింది కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలో. అక్కడ సముద్రమే లేదు. జంతువుల్ని వేరే చోట నుంచి తెప్పించి, నది ఒడ్డు మీంచి తోసి తీశారని తర్వాత బయటపడింది. దానికి ఆస్కార్ కూడా వచ్చింది. అది చూసి కన్నీళ్లు పెట్టుకున్న మనిషి స్పందన అబద్ధమా? కాదు. కానీ ఆ కన్నీళ్లు దేనికోసమో ఆ మనిషికి తెలీదు.

కాబట్టి డాక్యుమెంటరీ చూసినప్పుడు "పాపం అనిపించింది" దగ్గర ఆగకు. అది విషయం మీద స్పందన. తీసిన తీరు మీద ఇంకొకటి ఉండాలి. ఆ తల్లి ఏడుస్తున్నప్పుడు కెమెరా ఎంత దగ్గరగా ఉంది? నువ్వైతే అంత దగ్గరికి వెళ్లేదానివా? జంతువు గుహలోకి రాకముందే కెమెరా లోపల ఎలా ఉంది? చీమ నడుస్తుంటే అడుగుల చప్పుడు ఎక్కడిది? స్టూడియోలో ఎవరో చేతులతో చేసి కలిపిందే అయ్యుంటుంది. నీ రెండో డాక్యుమెంటరీలో "వ్యాఖ్యాత గొంతు చాలా నమ్మకంగా ఉంది" అని ఒక మంచి మాట రాశావు. అక్కడ ఒక్క అడుగు ముందుకేసి, ఆ గొంతు నమ్మకంగా ఉండబట్టే నమ్మానా అని నిన్ను నువ్వు అడిగితే ఆ పేజీ నిలబడేది.

యానిమేషన్ గురించి ఎక్కువ చెప్పను. "పిల్లల సినిమా కాబట్టి తేలిగ్గా ఉంది" అన్నది మాత్రం కొట్టెయ్, కొట్టేయాల్సినవి ఇలాంటివి. తెర మీద సెకనుకి 24 ఫ్రేములు, అంటే విడివిడి నిశ్చల చిత్రాలు, పోతాయి. చేత్తో గీసేవాళ్లు చాలాసార్లు ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములకి వాడతారు, అంటే సెకనుకి 12 బొమ్మలు. నటులతో తీసే సినిమాలో ఆకు గాలికి కదిలితే అది గాలి పుణ్యం. ఇందులో ఆకు కదిలిందంటే ఒకరు కూర్చుని కదిలించారు. నీకు నచ్చిన ఆ చిన్న కదలిక ఎందుకు పెట్టారో ఆలోచించు. ఇక మనుషుల్లాగే ఉన్న కంప్యూటర్ బొమ్మల్ని చూసి "ఏదోలా ఉంది, భయం కాదు" అని రాశావు చూడు, అది పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చిన మాట. 1970లోనే మసహిరో మోరి అనే జపాన్ రోబోల శాస్త్రవేత్త దీని గురించి రాశాడు. బొమ్మ మనిషికి దగ్గరయ్యేకొద్దీ మనకి ఇష్టం పెరుగుతూ పోయి, దాదాపు మనిషే అనిపించే చోట ఒక్కసారిగా వెగటు పుడుతుందని. నువ్వు ఆయన్ని చదవకుండానే ఆ చోటు పట్టుకున్నావు.

పాటల్లో ఆరింటికి ఆరూ సాహిత్యం అర్థమే రాశావు. పాటంటే మాటలేనా? ముందు ఒకసారి మాటలు పట్టించుకోకుండా విను. పల్లవిని మాటలు లేకుండా కూనిరాగంలా పాడుకుని చూడు, ఇంకా అదే దిగులు ఉందా? ఉంటే అది రాగానిది. పోతే మాటలది. తర్వాత ఒక్క వాద్యాన్నే పట్టుకుని చివరిదాకా వెంట వెళ్లు. ఒళ్లు గగుర్పొడిచిన చోటు ఉంటే టైము రాసుకో. నాకైతే అది చాలాసార్లు ఏదో ఒకటి మారే చోటే ఉంటుంది. కొత్త గొంతు కలవడమో, అన్నీ ఆగిపోయి ఒక్క వేణువు మిగలడమో. ఒక పాట నీకు ఇష్టమవ్వడానికి కారణం ఆ రోజు నీ పక్కన కూర్చున్న స్నేహితురాలైతే అదే రాయి. అంతేగాని "స్వరకల్పన అద్భుతం" అని ఆ ఘనత సంగీత దర్శకుడికి అంటగట్టకు.

నచ్చకపోతే నచ్చలేదని రాయొచ్చు. మీ మేడమ్‌కి నచ్చిన సినిమా అయినా సరే. అభిప్రాయం మారితే పాతది చెరపకు, కింద తేదీ వేసి కొత్తది రాయి. మార్కుల టెన్షన్ నాకు తెలుసు, కానీ ఈ పుస్తకంలో మార్కులు పోయింది నువ్వు దాచినవాటి వల్లే.

పుస్తకం ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. నేను పెన్సిల్‌తో గుర్తులు పెట్టాను, అక్కర్లేనివి చెరిపేసుకో. పధ్నాలుగో పేజీలో ఇంకో లైను ఉంది. దాన్ని గీత గీసి వదల్లేదు, ఒక్క అక్షరం కనిపించకుండా ఇంకుతో నల్లగా రుద్దేశావు. లైటుకి పెట్టినా, కాగితం తిప్పి వెనకనుంచి చూసినా నా వల్ల కాలేదు. అదేమిటో జవాబులో రాయి.

నీ పెదనాన్న